పళ్ళకు క్లిప్పులు వేయించారా?



ఇవాళ పిల్లల పళ్ళ గురించి, అందులోనూ పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న పిల్లల గురించి కాసేపు మాట్లాడుకుందాం. "మా పిల్లల పళ్ళు చక్కగానే ఉన్నాయి, మాకెందుకు ఈ గొడవ?" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. మీ ఇంట్లో కాకపోతే మీ ఆడపడుచు ఇంట్లోనో, మీ చెల్లెలి ఇంట్లోనో ఎవరో ఒకరు ఈ తీగలు పెట్టుకునే ఉంటారు. ఒకప్పుడు పెద్ద పట్నాల్లో, అదీ డబ్బున్నవాళ్ళ పిల్లల నోళ్ళలోనే కనిపించేవి. ఇప్పుడు మా ఊరి హైస్కూల్లో కూడా కనిపిస్తున్నాయి.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. పదో తరగతి ప్యాసై, పెళ్ళి చేసుకుని, ఇల్లు దిద్దుకుంటూ, మధ్యమధ్య ఇలా రేడియోలో మాట్లాడుతూండేదాన్ని. ఇవాళ చెప్పేదంతా మా అమ్మాయి విషయంలో చేసిన పొరపాటు వల్ల తెలుసుకున్నది, మా అబ్బాయి విషయంలో దిద్దుకున్నది. తెలియని చోట పళ్ళ డాక్టరమ్మగారిని విసుగు పుట్టేదాకా అడిగి రూఢి చేసుకున్నాను.

మా అమ్మాయికి ఎనిమిదో తరగతిలో క్లిప్పులు వేయించాం. పై వరస బాగా ముందుకొచ్చి, కోరపన్ను ఒకటి పక్క పన్ను మీదికెక్కి ఉండేది. మా అత్తగారు "ఆడపిల్లకి నోట్లో ఇనప తీగలేమిటే" అన్నారు. ఆయన డబ్బు లెక్కలు చూసుకున్నారు. చివరికి వాయిదాల మీద కట్టేటట్టు ఒప్పుకుని మొదలుపెట్టాం. నెలకోసారి పిల్లను వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్ళడం, తీగ బిగించుకు రావడం, రెండు రోజులు మెత్తటి అన్నం, పెరుగు పెట్టడం. ఇలా సుమారు రెండేళ్ళు గడిచాయి.

తీసేసిన రోజు డాక్టరమ్మగారు పిల్ల చేతికి అద్దం ఇచ్చారు. వరస చూస్తే ముత్యాలు గుచ్చినట్టుంది. పిల్ల నవ్వబోయింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. పై ముందుపళ్ళు నాలుగింటి మీదా, క్లిప్పు ఉన్నచోటు చుట్టూ, సున్నంతో గీసినట్టు తెల్లటి చారలు! చిన్న చిన్న చట్రాల్లాగా కనబడుతున్నాయి.

"అమ్మా, ఇవి పోతాయా?" అని నన్నడిగింది. నేనేం చెప్పను? డాక్టరమ్మగారి వంక చూశాను. "కొన్ని నెమ్మదిగా కాస్త మసకబారతాయమ్మా. కొన్ని అలాగే ఉండిపోతాయి" అన్నారావిడ. తర్వాత మెల్లిగా, "మొదటి రోజే చెప్పాను గదండీ, కాగితం కూడా ఇచ్చాను" అన్నారు. నిజమే, ఇచ్చారు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, దానిమీద మా అత్తగారి మందుల డబ్బా పెట్టిందాన్ని నేనే.

ఇంటికొచ్చాక అందరూ అన్నమాట ఒక్కటే. "క్లిప్పులు వేయించి పిల్ల పళ్ళు పాడుచేశారు." ఈ మాట మీరూ వినే ఉంటారు. ఇది నిజం కాదు. ఎందుకు కాదో మా అమ్మాయి పళ్ళ మీదనే రాసిపెట్టి ఉంది చూడండి. క్లిప్పు సరిగ్గా అంటుకుని ఉన్న చోట, అంటే ఆ జిగురు కింద, పన్ను మొదటి రోజెలా ఉందో అలాగే ఉంది. పాడైంది దాని చుట్టూ ఉన్న పన్ను. క్లిప్పే పాడుచేసేదైతే దాని కింద ముందు పాడవాలి కదూ?

మరి పాడుచేసిందెవరు? పాచి.

పాచి అనగానే మనకు పొద్దున్నే లేచిన నోరు గుర్తుకొస్తుంది. "పాచి నోటితో కాఫీ తాగుతావా" అని పిల్లల్ని కోప్పడతాం. ఇంకో పాచి కూడా మనకు తెలుసు. నూతి గట్టు మీద, చెరువు మెట్ల మీద పట్టేది. కాలేస్తే జర్రున జారుతుంది. చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తే ఆ పాచి పోతుందా? పోదు. చీపురుకట్టతోనో, కొబ్బరి పీచుతోనో రుద్దితేనే వదులుతుంది. పంటి మీద పాచీ సరిగ్గా అలాంటిదే. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఒకదానికొకటి అతుక్కుని పొరలా పేరుకుంటాయి. కాబట్టి ఎన్నిసార్లు పుక్కిలించినా, తిన్న మెతుకులు పోతాయిగాని పాచి పోదు. దాన్ని రుద్దే తియ్యాలి.

ఆ పాచిలోని సూక్ష్మజీవులకు తీపి అంటే పండగ. మనం తిన్న పంచదార, బెల్లం, బిస్కట్టు, ఏదైనా సరే, వాటికి అందిన కొద్ది నిమిషాల్లోనే ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోంచి, అంటే ఎనామిల్ లోంచి, సున్నాన్ని కొంచెం కొంచెంగా లాగేస్తుంది. మన లాలాజలం ఊరికే కూర్చోదు. అరగంటా గంటలో ఆమ్లాన్ని విరిచేసి, పోయిన సున్నాన్ని తిరిగి పూడుస్తుంది. పోవడం, పూడడం, ఈ రెండూ రోజంతా జరుగుతూనే ఉంటాయి. మామూలు పన్ను నున్నగా ఉంటుంది గనక నాలుక తగిలి, పెదవి రాసుకుని, లాలాజలం పారి పాచి కొంతైనా తగ్గుతుంది. క్లిప్పు అంటించిన పంటి మీదనో, ఎన్ని మూలలు! బ్రాకెట్ అంచులు, దాని మీద రబ్బరు రింగు, మధ్యలో తీగ. అక్కడ చేరిన పాచికి నాలుక అందదు, లాలాజలమూ సరిగ్గా చేరదు. సున్నం పోవడమేగాని పూడడం ఉండదు. అలా గుల్లబారిన చోటే తెల్లమచ్చ. ఇంకా అశ్రద్ధ చేస్తే అదే పుచ్చు.

దీనికి ఏడాది రెండేళ్ళు పడుతుందనుకున్నాను నేను. కాదట. శుభ్రం సరిగ్గా లేకపోతే నాలుగు వారాల్లోనే ఆ మచ్చ మొదలవచ్చునట. అంటే ఒకసారి తీగ బిగించుకొచ్చి, రెండోసారి వెళ్ళేలోపలే! ఈ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. నెలనెలా బస్సెక్కించి తీసుకెళ్ళాను, డబ్బు కట్టాను, తల్లిగా నా పని నేను చేశాననుకున్నాను. అసలు పని ఉన్నది ఆ రెండు ప్రయాణాల మధ్యనున్న ముప్ఫై రాత్రుల్లో.

రాత్రుల్లో అని ఎందుకంటున్నానంటే, మన ఇళ్ళల్లో ఉన్న లోపం అక్కడే. పొద్దున్న ముఖం కడుక్కోందే మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళం. అది మంచి అలవాటే. పళ్ళు తోముకోవడాన్ని మనం "ముఖం కడుక్కోవడం" అంటాం చూడండి, అందుకే అది మనకు పొద్దుటి పని అయిపోయింది. రాత్రి అన్నం తిని, పెరుగు మూతి తుడుచుకుని, ఇంత తీపి నోట్లో వేసుకుని పడుకుంటాం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. నోటిని కాపాడేది నిద్రపోతూంటే, పాడుచేసేవి మేలుకుని ఉంటాయన్నమాట. కాబట్టి క్లిప్పులున్న పిల్లలకు రెండుపూటలా తోమడం తప్పనిసరి. ఏదో ఒక పూటే చెయ్యగలరూ అంటే నేను రాత్రికే ఓటు వేస్తాను. మా అత్తగారు మొదట్లో నవ్వారు. ఇప్పుడు తన కట్టుడుపళ్ళు తీసి రాత్రిళ్ళు ఆవిడా శుభ్రం చేసుకుంటున్నారు.

ఇక ఎలా తోమాలన్నది. ఇక్కడ కొంచెం ఓపిక పట్టి వినండి.

కిటికీ ఊచలు తుడవడం గుర్తు చేసుకోండి. గుడ్డ తీసుకుని పైనుంచి కిందికి లాగేస్తే ఊచల ముందు వైపు తళతళలాడుతుంది. ఊచ చట్రంలోకి దిగే మూల దగ్గర మాత్రం దుమ్ము ఎక్కడిదక్కడే. మా అమ్మాయి రెండేళ్ళూ పళ్ళు అలాగే తోమింది. బ్రాకెట్ల మీద బ్రష్షు అడ్డంగా పరపరా లాగేది. బ్రాకెట్లు మెరిసేవి. చిగురుకీ బ్రాకెట్‌కీ మధ్యనున్న సన్నటి జాగా మాత్రం తడిసేదిగాని శుభ్రపడేది కాదు. మచ్చలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

అందుకని ప్రతి పన్నునీ మూడు అంతస్తుల మేడ అనుకోండి. చిగురుకీ బ్రాకెట్‌కీ మధ్య ఒక అంతస్తు, బ్రాకెట్ ఒక అంతస్తు, బ్రాకెట్ నుంచి పంటి అంచు దాకా ఇంకొకటి. రబ్బరు బ్యాండ్లు పెట్టుకునే పిల్లలైతే ముందు అవి తీసెయ్యాలి. తర్వాత నోటినిండా నీళ్ళు పోసుకుని రెండుమూడుసార్లు గట్టిగా పుక్కిలించాలి. ఇరుక్కున్న మెతుకులు, కరివేపాకు ముక్కలు ముందే పోతాయి. మెత్తటి కుచ్చు ఉన్న చిన్న బ్రష్షు తీసుకుని, పై పళ్ళకైతే కుచ్చును చిగురు వైపు ఏటవాలుగా పెట్టి, అక్కడే చిన్న చిన్న సున్నలు చుట్టినట్టు తిప్పాలి. ఒక్కొక్క పంటి దగ్గరా నెమ్మదిగా అయిదారుసార్లు. తర్వాత బ్రష్షును బ్రాకెట్ పై నుంచి కిందికి వంచి తీగ మీద, మళ్ళీ కింద నుంచి పైకి వంచి తీగ కింద. ఆ తర్వాత లోపలి వైపు, నమిలే వైపు. లోపలి వైపు క్లిప్పులు లేవు గదా అని వదిలెయ్యకండి. కింది ముందుపళ్ళ వెనకాల గార పేరుకునేది అక్కడే.

గట్టిగా రుద్దితే బాగా శుభ్రమవుతుందనుకోవడం మన ఆడవాళ్ళకు గిన్నెలు తోమిన అలవాటు. పళ్ళు ఇత్తడి బిందెలు కావు. అదిమి రుద్దితే బ్రష్షు కుచ్చు వంగిపోయి మూలల్లోకి వెళ్ళదు, చిగురు కూడా రాసుకుపోతుంది.

దీని తర్వాత ఇంకో చిన్న బ్రష్షుంది. అగ్గిపుల్ల కన్నా సన్నంగా, సీసాలు కడిగే బ్రష్షుకు బుజ్జి పిల్లలా ఉంటుంది. మందుల షాపులో "ఇంటర్‌డెంటల్ బ్రష్" అని అడిగితే ఇస్తారు. రెండు బ్రాకెట్ల మధ్య, తీగ వెనకాలగా, దీన్ని ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందనుంచి పైకి దూర్చి రెండు పక్కలా ఆడించాలి. మామూలు బ్రష్షు వెళ్ళలేని చోటికి ఇది వెళుతుంది. క్లిప్పుల పిల్లలకు నేనైతే పేస్టు తర్వాత కొనవలసింది ఇదే అంటాను. ఫ్లాస్ దారం కూడా వాడమంటారు. తీగ అడ్డం గనక సూది లాంటి ప్లాస్టిక్ దానికి ఎక్కించి, తీగ కిందుగా దూర్చి, పంటికీ పంటికీ మధ్య లాగాలి. మంచిదే. కాని ఉన్నమాట చెప్పాలి కదా, అది ఓపిక పని. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు జరిగితే గొప్ప.

అంతా కలిపి పొద్దున్న మూడు నాలుగు నిమిషాలు, రాత్రి అయిదారు నిమిషాలు పడుతుంది. ఎప్పుడూ అద్దం ముందే తోమించండి. పెరట్లో తిరుగుతూ తోమడం, ఫోన్ చూస్తూ తోమడం కుదరదు. తీగలకు రాసుకుని బ్రష్షు కుచ్చు త్వరగా చెదిరిపోతుంది. మూడు నెలలు ఆగకుండా మార్చెయ్యండి.

ఇంకొకటి, మనకు అలవాటుకు విరుద్ధమైనది. తోమడం అయ్యాక నురగ ఉమ్మెయ్యాలిగాని, చెంబెడు నీళ్ళతో గడగడా పుక్కిలించకూడదట. పేస్టులోని ఫ్లోరైడు కాసేపు పంటి మీద నిలిస్తేనే దాని పని అది చేస్తుంది. పుక్కిలింపులన్నీ తోమడానికి ముందే.

ఫ్లోరైడు పేరు ఎత్తగానే నల్గొండ సోదరీమణులు ఉలిక్కిపడతారని నాకు తెలుసు. వాళ్ళ భయంలో తప్పులేదు. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళ వల్ల వచ్చే రోగాన్ని డాక్టర్లు గుర్తించి రాశారు. నల్గొండలో ఎముకలు వంగిపోయినవాళ్ళ ఫోటోలు మనమంతా చూశాం. అయితే అది లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడును ఏళ్ళ తరబడి తాగడం వల్ల వచ్చినది. పేస్టు మనం మింగేది కాదు, ఉమ్మేసేది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు పది లక్షల భాగాలకు 1000 భాగాలు మించకూడదని నిబంధన కూడా ఉంది. గుల్లబారుతున్న ఎనామిల్‌కు సున్నం తిరిగి పట్టేటట్టు చేసేది ఈ ఫ్లోరైడే. కాబట్టి ట్యూబు మీద చూసి ఫ్లోరైడు ఉన్నదే కొనండి. పిల్లలు మింగకుండా మాత్రం చూసుకోండి. మీ ప్రాంతపు నీళ్ళ వల్ల పిల్ల పళ్ళ మీద ముందునుంచే తెల్లమచ్చలు, పసుపు చారలు ఉన్నాయనుకోండి, క్లిప్పులు వేసే ముందే డాక్టరుకు చూపించి ఒక ఫోటో తీయించి ఉంచుకోండి. రేపు ఏది పాతదో, ఏది కొత్తదో తెలుస్తుంది.

మరి వేపపుల్ల? మా నాన్నగారు డెబ్భయ్యేళ్ళు దాటినా వేపపుల్లతోనే తోమేవారు, ఒక్క పన్ను ఊడలేదు. అది నున్నటి పళ్ళకు సరిపోయింది. తీగ వెనకాలకు పుల్ల వంగదు, నమిలి కుచ్చు చేసుకునేటప్పుడు బ్రాకెట్ ఊడినా ఊడుతుంది. పళ్ళపొడి వేలితో రాస్తే వేలు మూలల్లోకి పోదు. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి సంగతి చెప్పనే అక్కర్లేదు, పంటిని అరగదీస్తాయి. పళ్ళు తెల్లబరిచే పేస్టులు కూడా క్లిప్పులున్నన్నాళ్ళూ వద్దు. క్లిప్పు కింద ఉన్న పన్నుకు అవి తగలవు గదా, తీసేశాక రెండు రంగులుగా కనిపించవచ్చు.

తిండి విషయానికి వస్తే, మన వంటిళ్ళు క్లిప్పులకు శత్రువులనే చెప్పాలి! 1955లో అమెరికాలో బ్యునోకోర్ అనే దంతవైద్యుడు, పంటి మీద కాస్త ఆమ్లం రాసి గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని చూపించాడట. అంతకుముందు పంటిపంటికీ లోహపు ఉంగరం తొడిగేవారు. ఇప్పుడు ముందుపళ్ళ మీద బ్రాకెట్ నిలబడేది ఆ జిగురు మీదే. అది నెలల తరబడి నిలుస్తుందిగాని, జంతికను కొరికితే నిలవదు. జంతికలు, చేగోడీలు, సకినాలు, వేరుశనగ పాకం ఉండలు, చెరుకు ముక్క, మొక్కజొన్న పొత్తు, జామకాయ, ఎముక ముక్క, ఇవన్నీ ముందుపళ్ళతో కొరకడం మానాలి. తినడం మానమనడం లేదు. జామకాయ సన్నగా కోసి పెట్టండి, మొక్కజొన్న గింజలు ఒలిచి ఉడకబెట్టండి, చెరుకు బదులు రసం ఇవ్వండి, తాగాక నోరు కడిగించండి. జంతికను నేను చిదిపి పెడితే మా వాడు "పశువుకు చిట్టు కలిపినట్టుందమ్మా" అని అలిగాడు. ఆ సంక్రాంతికి నాకు తెలియకుండా ఒకటి కొరికాడు, వెనకవైపు బ్రాకెట్ ఊడింది. మళ్ళీ బస్సు, మళ్ళీ జిగురు. ఊడిన ప్రతిసారీ ఆ పన్ను కదలడం ఆగుతుంది, మొత్తం వైద్యం అంత వెనక్కి పోతుంది.

మునగకాడ, గోంగూర, మామిడి టెంక చీకడం, ఇవి క్లిప్పులను ఊడదియ్యవుగాని పీచు తీగలకు చుట్టుకుంటుంది. తిన్న వెంటనే అద్దం చూసుకోవాలి. జీళ్ళు, టాఫీల వంటి సాగేవి మాత్రం అస్సలు వద్దు. అవి అటు బ్రాకెట్‌ను లాగుతాయి, ఇటు పంటికి అతుక్కుని గంటలకొద్దీ సూక్ష్మజీవులకు విందు చేస్తాయి.

తీపి గురించి ఇంకొక్క మాట. ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒక బొబ్బట్టు తిని నోరు కడుక్కుంటే ఒక్కసారి ఆమ్లం. అదే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అరగంటకొక బిస్కట్టు, ఒక గుక్క కూల్‌డ్రింకు అయితే లాలాజలానికి పూడ్చే తీరికే దొరకదు. కూల్‌డ్రింకు, నిమ్మరసం తాగిన వెంటనే బ్రష్షు చేయించకండి. పన్ను అప్పుడు కాస్త మెత్తబడి ఉంటుంది. నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోమాలి.

మా పక్కింటావిడ ఒకరోజు కంగారుగా వచ్చి, "మా పిల్ల పళ్ళన్నీ పచ్చబడిపోయాయండీ" అంది. చూస్తే పళ్ళు కాదు, బ్రాకెట్లకు వేసిన తెల్లటి రబ్బరు రింగులు. మన పసుపు, ఆవకాయ నూనె వాటికి పట్టేశాయి. భయం లేదు, ఆ రింగులు తర్వాతిసారి వెళ్ళినప్పుడు మార్చేస్తారు. తెల్లవి కాకుండా నీలమో, ఆకుపచ్చో వేయించుకుంటే ఆ బాధ కనిపించదు.

తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తే చాలామంది పిల్లలు అక్కడ తోమడం మానేస్తారు. తల్లులూ "పోనీలే, రెండు రోజులు వదిలెయ్" అంటారు. అది తలకిందుల వైద్యం. పాచి పేరుకుని చిగురు వాచింది గనకే రక్తం వస్తోంది. మెత్తగా, శ్రద్ధగా తోముతూ ఉంటే వారం పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, చిగురు ఉబ్బి బ్రాకెట్ మీదికి పాకితే, డాక్టరుకు చూపించాలి. పదమూడు పధ్నాలుగేళ్ళ వయసులో ఒంట్లో వచ్చే మార్పుల వల్ల కూడా చిగుళ్ళు త్వరగా వాస్తాయి. అశ్రద్ధ మరీ ఎక్కువైతే డాక్టర్లే వైద్యం మధ్యలో ఆపి క్లిప్పులు తీసేస్తారు, డబ్బూ పోయి పళ్ళూ సగం కదిలి ఉంటాయి. పుక్కిలించే మందులు షాపులో మీ అంతట మీరు కొనకండి. వాటిలో కొన్ని ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి.

తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటే డాక్టరు ఇచ్చిన మైనం చిన్న ఉండ చేసి దానిమీద అద్దాలి. పుండుకు గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. మరీ గుచ్చుకుంటే ఫోన్ చేసి వెళ్ళడమే, ఇంట్లో కటింగ్ ప్లేయర్ తియ్యకండి.

ఇన్నీ పిల్లలే చేసుకుంటారని మాత్రం నమ్మకండి. నా పొరపాటు అక్కడే. "తోమావా?" అంటే మా అమ్మాయి "తోమానమ్మా" అనేది. అబద్ధమూ కాదు, తోమేది. నేను ఒక్కసారి కూడా నోరు తెరిపించి చూడలేదు. పదమూడేళ్ళ పిల్లను నోరు తెరవమంటే చిన్నబుచ్చుకుంటుందేమోనని మొహమాటపడ్డాను. బడిలో "రైలు పట్టాలు" అని ఏడిపించేవాళ్ళట, అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక కుళాయి దగ్గర పుక్కిలించేది కూడా కాదట. ఆ సంగతి తీసేశాక చెప్పింది.

ఇప్పుడు మా వాడి విషయంలో ఆదివారం ఆదివారం తనిఖీ. ఫోన్ లైటు వేసి, పై పెదవి ఎత్తి చూస్తాను. ప్రతి బ్రాకెట్‌కూ నాలుగంచులూ స్పష్టంగా కనిపించాలి. అంచు మసగ్గా, మైనం పూసినట్టు ఉంటే అక్కడ పాచి ఉన్నట్టే. చిగురు అంచు లేత గులాబీ రంగులో బిగువుగా ఉండాలి, ఎర్రగా ఉబ్బి ఉండకూడదు. డాక్టరమ్మగారు పాచికి రంగు పట్టించే బిళ్ళలు ఇచ్చారు. నమిలి ఉమ్మేస్తే పాచి ఉన్నచోటల్లా రంగు తేలుతుంది. మొదటిసారి వాడి నోరు చూసుకుని వాడే హడలిపోయాడు. నేను వందసార్లు చెప్పినదానికంటే ఆ ఒక్క బిళ్ళ బాగా చెప్పింది.

ఇంకా వేయించని వాళ్ళుంటే, ముందు పుచ్చులు పూడిపించి, గార తీయించి, పిల్లలకు రాత్రి తోమే అలవాటు రెండు నెలలు నిలిచాకే మొదలుపెట్టండి. ఖర్చుకు వెనకాడేవాళ్ళు హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి, అక్కడ అడిగి చూడండి. పెళ్ళిచూపుల కోసమని మాత్రం పిల్లతో అనకండి. వంకర పళ్ళ సందుల్లో పాచి నిలుస్తుంది, సరిగ్గా నమలలేరు, అందుకు వేయిస్తున్నామని చెప్పండి. అదే నిజం కూడా.

క్లిప్పులు తీశాక పని అయిపోయిందనుకోకండి. పళ్ళు మళ్ళీ పాత చోటికి జరిగిపోకుండా రిటైనర్ అని ఒకటి ఇస్తారు. దాన్నీ రోజూ మెత్తటి బ్రష్షుతో చల్లటి నీళ్ళలోనే కడగాలి. వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది. అన్నం తినేటప్పుడు తీసి కాగితంలో చుట్టి పక్కన పెడితే, కంచం తీసేవాళ్ళు ఆ కాగితాన్నీ చెత్తలో వేసేస్తారు. మా ఇంట్లో అలా ఒకటి పోయింది కూడా. దానికిచ్చిన డబ్బాలోనే పెట్టించండి.

మా అమ్మాయి మచ్చలు నాలుగింటిలో రెండు ఏడాది తిరిగేసరికి బాగా మసకబారాయి. రెండు ఉండిపోయాయి. ఈమధ్య ఆదివారం తనిఖీ నా చేతిలోంచి అదే లాక్కుంది. తమ్ముడి పెదవి ఎత్తి పట్టుకుని, "ఇక్కడ చూడరా, ఈ పన్ను దగ్గర మళ్ళీ తోము" అంటూ వాణ్ణి అద్దం ముందు నిలబెడుతోంది. వాడు నోట్లో నురగతో ఏదో గొణుగుతూంటాడు.